ఒలిచిన కొబ్బరికాయ దూరని కంచె

విశాఖ పూర్ణా మార్కెట్‌లో కొబ్బరికాయల కొట్టు ముందు నిలబడి, సంచిలోంచి దారం తీసి ఒక్కో కాయకూ చుట్టి కొలుస్తుంటే కొట్టతను కాసేపు చూసి, "పూజకా అమ్మా, పెళ్లికా?" అని అడిగాడు. మా పెరట్లో స్విమ్మింగ్ పూల్ చుట్టూ ఉన్న కంచెకి అని చెప్పాను. అతనికి అర్థం కాలేదు. అయినా ఓపిగ్గా కాయలు తీసి ఇచ్చాడు. దారం మీద 31 సెంటీమీటర్ల దగ్గర ముడి వేసుకుని వెళ్లాను. చుట్టుకొలత అంత ఉన్న గుండ్రటి కాయ అడ్డంగా 10 సెంటీమీటర్లకు పిసరంత తక్కువ ఉంటుంది. పసిపిల్లలు దూరకుండా ఉండాలంటే కంచె ఊచల మధ్య సందు 10 సెంటీమీటర్లకు మించకూడదు. పీచంతా ఒలిచాక ఎటు తిప్పి కొలిచినా ఇంచుమించు అదే లెక్క వచ్చే కాయ దొరికేసరికి అరగంట పట్టింది.

ఇంటికి తెచ్చి కంచె ఊచల మధ్య ఒక్కో సందులోనూ పెట్టి నెట్టాను. ఊరికే ఆనించి వదిలేయలేదు, అరచేత్తో గట్టిగా నొక్కాను. సన్నటి ఊచలు ఒత్తిడికి వంగుతాయి, చూడటానికి ఇరుగ్గా ఉన్న సందు నెట్టేసరికి విడుతుంది. మెత్తటి బంతితో ఈ సంగతి తెలియదు, అది తానే నొక్కుకుపోయి దూరిపోతుంది. కొబ్బరికాయ అలా కాదు. ఏడు చోట్ల కాయ అవతలికి జారి గట్టు మీద పడింది. ఒకసారైతే దొర్లుకుంటూ వెళ్లి నీళ్లలో పడింది. "బుడుంగ్" అని ఒక్కటే చప్పుడు. పక్క గదిలో టీవీ చూస్తున్న మావారికి అది వినిపించనే లేదు.

డిసెంబరులో మా అమ్మాయి వస్తోంది, రెండున్నరేళ్ల మనవరాలితో. అందుకే ఈ హడావుడి అనుకుంటే పొరపాటు. మనవరాలు రాకపోయినా చేయాల్సిన పనే ఇది. ఏడేళ్లుగా చేయలేదన్న బాధే నన్ను ఇప్పుడు కూర్చోబెట్టి రాయిస్తోంది.

మా ఇల్లు సాగర్‌నగర్ దాటాక, బీచ్ రోడ్డుకు ఎగువన ఉంటుంది. మావారు రిటైరయ్యాక ఎంతో ముచ్చటపడి పెరట్లో చిన్న పూల్ కట్టించారు. పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై రెండు అడుగుల పొడవు, నాలుగడుగుల లోతు. కట్టినాయన చుట్టూ మూడు వైపులా స్టీలు కంచె వేసి, నాలుగో వైపు మా వెనక వరండాకి వదిలేశాడు. "ఇల్లే ఉంది కదా మేడమ్, అటువైపు ఎందుకు?" అన్నాడు. సముద్రం కనిపించే వైపు అందం కోసం అడ్డంగా నాలుగు గొట్టాలు వరసగా వేశాడు. గేటుకి మూడడుగుల ఎత్తులో అల్‌డ్రాప్ గడియ పెట్టాడు. ఇవి తప్పులని అప్పుడు మాకు తెలియదు. ఆ కంచెను చూడటానికి ఇన్నేళ్లలో ఒక్కరూ మా గడప తొక్కలేదు, మేమూ ఎవరినీ పిలవలేదు.

ఈ కొలతలన్నీ నాకు కిందటేడు సిడ్నీలో తెలిశాయి. మా అమ్మాయి వాళ్లు కొన్న పాత ఇంటి వెనక ఒక పూల్ ఉంది. ఆ ఇల్లు అద్దెకిచ్చి వేరే చోటికి మారదామనుకున్నారు. పూల్ ఉన్న ఇల్లు అద్దెకివ్వాలంటే కంచె సరిగ్గా ఉందన్న సర్టిఫికెట్ ఒప్పందానికి జత చేయాలని అక్కడి రూలు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో స్విమ్మింగ్ పూల్స్ కోసమే 1992లో చట్టం చేశారు. ప్రతి ఇంటి పూల్‌నీ రిజిస్టర్‌లో నమోదు చేయించాలి. 30 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ లోతు నీళ్లు పట్టేదైతే, పిల్లల కోసం గాలి నింపి పెట్టే ప్లాస్టిక్ తొట్టి కూడా పూల్ కిందే లెక్క. సర్టిఫికెట్ మూడేళ్లే చెల్లుతుంది. న్యూజిలాండ్‌లోనూ ఇళ్లలోని పూల్ కంచెలను మూడేళ్లకోసారి తనిఖీ చేయాలని చట్టంలోనే రాసుకున్నారు.

మా అల్లుడు రెండు శని, ఆదివారాలు ఆ కంచె చుట్టూనే తిరిగాడు. నేను టేపు రెండో కొస పట్టుకున్నాను. కంచె బయటివైపు నేల నుంచి కనీసం 1.2 మీటర్ల ఎత్తుండాలి, అంటే మన నాలుగడుగులు. ఒకచోట మూడు సెంటీమీటర్లు తక్కువొచ్చింది. మా అమ్మాయి పూలమొక్కల కోసం ఏడాది పొడవునా పోసిన మట్టి అక్కడ పేరుకుంది. "అత్తయ్యా, కంచె పొట్టిదవలేదు, నేల పెరిగింది" అన్నాడు. పార తెచ్చి ఆ మట్టి తీసేశాం. ఇంకో మూల వానకి మట్టి కొట్టుకుపోయి కంచె కింద సందు పెద్దదైంది. ఊచల మధ్య లాగే కింద కూడా సందు 10 సెంటీమీటర్లకు మించి ఉండకూడదు. అక్కడ సిమెంటు వేశాం. కంచె ఒకసారి వేస్తే అలాగే ఉండిపోతుందనుకునేదాన్ని. అది కదలకపోయినా దాని చుట్టూ ఉన్న నేల, చెట్లు, సామాను కదులుతూనే ఉంటాయని ఆ రెండు వారాల్లో కళ్లారా చూశాను.

తనిఖీకి ఒకావిడ వచ్చింది. చేతిలో టేపు, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు. టీ తాగుతారా అంటే తర్వాత అంది. నీళ్ల వైపు చూడను కూడా చూడలేదు. బయటి నుంచి కంచె చుట్టూ నడుస్తూ, నాలుగడుగులకోసారి మోకాళ్ల మీద కూర్చుని పైకి చూసింది. ఆవిడ అలా ఎందుకు కూర్చుంటోందో నాకు రెండోసారికి గానీ తట్టలేదు. మూడేళ్ల పిల్లకి కంచె ఎలా కనిపిస్తుందో అక్కడి నుంచి చూస్తోంది. మేం ఎన్నోసార్లు చుట్టూ తిరిగినా మాకు కనపడనిది ఆవిడకి అక్కడ కనిపించింది: చక్రాల మీద ఉండే ఒక చిన్న బల్ల. అది కంచెకి దూరంగానే ఉంది. "చక్రాలున్నాయి కాబట్టి పిల్లలే తోసుకొస్తారు" అని కాగితం మీద రాసింది. నీళ్లలో పడ్డవాళ్లకి ప్రథమ చికిత్స ఎలా చేయాలో చెప్పే బోర్డు ఎండకి వెలిసిపోయింది, అదీ రాసింది. వారం తర్వాత మళ్లీ వచ్చి చూసి సర్టిఫికెట్ ఇచ్చింది.

తిరిగొచ్చాక ఇవన్నీ చెబితే మా మరిది నవ్వేశాడు. "వదినా, అక్కడ ఇంటికి ఇద్దరే మనుషులు, వాళ్లకి కంచెలు కావాలి. మనింట్లో ఎప్పుడూ ఏడెనిమిది మందిమి ఉంటాం. మేం చూసుకోమా?" అన్నాడు. మంచి మనసుతో అన్నమాటే. మా వాళ్లలో నూటికి తొంభై మంది అనే మాట కూడా ఇదే. ఈ "చూసుకుంటాం" గురించే నేను రాయాలనుకున్నది.

మా పుట్టింటి ఊరు చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. పెరట్లో నేల నుయ్యి ఉండేది. గట్టు లేదు, గిలక లేదు, నేలకి సమానంగా రాళ్లు పేర్చిన నుయ్యి. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా చిన్నాన్న రెండో కొడుకు ఆ నూతిలో పడి పోయాడు. వాడికి మూడో ఏడు. ఆరోజు మా ఇంట్లో వ్రతం. ఇంటినిండా చుట్టాలే, పిల్లలు కాకుండా పెద్దవాళ్లే పద్నాలుగు మంది. వాడు వాళ్ల నాయనమ్మ దగ్గరున్నాడని పిన్ని అనుకుంది. తల్లి దగ్గరికి వెళ్లాడని నాయనమ్మ అనుకుంది. మగవాళ్లు వీధి అరుగు మీద ఉన్నారు. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. అందరూ ఉన్నారు కాబట్టి ఎవరో ఒకరు చూస్తుంటారని అందరూ అనుకున్నారు.

పది రోజుల్లో మా నాన్న నూతికి నడుమెత్తు గట్టు కట్టించాడు. ఇనుప చట్రం మూత కూడా పెట్టించాడు. రెండు రోజుల పని అది. అయితే నాకు బాగా గుర్తున్నది గట్టు కాదు, మా పిన్ని. ఆవిడ తర్వాత నలభై ఏళ్లకు పైగా బతికింది. ఏ పెళ్లికి వెళ్లినా, ఏ చావుకి వెళ్లినా ఎవరో ఒకరు "పాపం, ఆరోజు పిల్లాణ్ణి చూసుకోలేకపోయింది" అనేవారు. జాలిగానే అనేవారు. చిన్నాన్నని ఎవరూ ఆ మాట అనలేదు. గట్టు కట్టించని మా తాతని ఎవరూ అనలేదు. నుయ్యి తవ్వించినవాళ్లు, రోజూ ఆ నీళ్లు తాగినవాళ్లు అందరూ తప్పించుకున్నారు. ఒక్క ఆడమనిషి మీద మోపారు.

"చూసుకుంటాం" అన్న మాటలో బహువచనం ఉంటుంది. పని మాత్రం ఒక్కరిదే అవుతుంది. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, ముసలాయనకి మందులిస్తూ, తలుపు కొట్టినవాళ్లకి తలుపు తీస్తూ, వాటి మధ్యలో ఆవిడ "చూసుకోవాలి". కంచె లేకపోతే ఆ లోటంతా ఆవిడ కళ్లు పూడ్చాలి. కళ్లు ఒక్క నిమిషం పక్కకి తిరిగితే జన్మంతా దోషం ఆవిడదే. పూల్ కట్టించుకునే స్తోమత ఉండి, దాని చుట్టూ సరైన కంచె వేయించకుండా, ఇంటి ఆడవాళ్ల కళ్ల మీద భారం పెట్టడం అన్యాయం. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

పైగా ఆ ఒక్క నిమిషం నిజంగా ఒక్క నిమిషమే. మునిగిపోతున్నవాళ్లు చేతులు ఊపుతూ కేకలు వేస్తారని సినిమాల్లో చూసి అనుకుంటాం. అసలు అలా జరగదు. ఊపిరి పీల్చుకోవడానికే నోరు చాలదు, ఇక కేక ఎక్కడిది? చేతులు నీళ్లను కిందికి నొక్కే ప్రయత్నంలో ఉంటాయి, పైకి లేవవు. ఇరవై సెకన్ల నుంచి నిమిషంలోపు పెద్దవాళ్లే మునిగిపోతారు, పసివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మెదడుకి నాలుగైదు నిమిషాలు ఊపిరి అందకపోతే కోలుకోలేని నష్టం మొదలవుతుంది. పెరట్లో ఏ అలికిడీ లేకపోతే అంతా బాగుందనుకుంటాం. నీళ్లున్న చోట ఆ లెక్క తప్పు.

బంగ్లాదేశ్ పల్లెల్లో చెరువులు ఇళ్లను ఆనుకునే ఉంటాయి. అక్కడ పసిపిల్లలు ఎక్కువగా పొద్దుటిపూట, తల్లులు పనిలో ఉన్న గంటల్లోనే మునిగిపోతున్నారని గమనించి, తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఊళ్లోనే పిల్లల్ని కూర్చోబెట్టే కేంద్రాలు నడిపారు. తల్లులకి "జాగ్రత్తగా ఉండండి" అని చెప్పి ఊరుకోలేదు, ఆ గంటల్లో పిల్లలకీ నీళ్లకీ మధ్య ఏదో ఒక అడ్డు ఉండేలా చేశారు. ఫలితం కనిపించింది. మన దేశంలో నీళ్లలో మునిగి ఏటా ముప్పై వేలమందికి పైగా చనిపోతున్నారని పోలీసు లెక్కలే చెబుతున్నాయి. ప్రపంచం మొత్తం మీద చూస్తే, 2021లో మునిగి చనిపోయినవాళ్లు దాదాపు మూడు లక్షలమందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో నలుగురికి ఒకరు అయిదేళ్లలోపు పిల్లలు.

మన విశాఖలో నీళ్లంటే భయం లేదని కాదు. సముద్రమంటే భయం ఉంది. ఆర్కే బీచ్‌లో, రుషికొండలో పిల్లల చెయ్యి పట్టుకుని గానీ అలల దగ్గరికి వెళ్లం. అదే చెయ్యి ఇంటికి రాగానే వదిలేస్తాం. నాలుగడుగుల నీళ్లు మనకి లోతుగా అనిపించవు. ఆ పిల్ల ఎత్తు మూడడుగులు.

సరే, మా కంచె దగ్గరికి వస్తాను. అన్నిటికన్నా ముందు నాలుగో వైపు. ఇంటిగోడనే కంచె అనుకుంటే వరండా తలుపు తీయగానే పిల్ల నేరుగా నీళ్ల దగ్గరుంటుంది. పిల్లలు పూల్ దగ్గరికి వెళ్లేది వీధిలోంచి కాదు, సొంత ఇంట్లోంచే. మూడు వైపులే కంచె ఉండి నాలుగో వైపు ఇల్లే ఉన్న పూల్ కన్నా, ఇంటినుంచి కూడా వేరు చేస్తూ నాలుగు వైపులా కంచె ఉన్న పూల్‌లో పసిపిల్లలు మునిగే ప్రమాదం 83 శాతం తక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఇంకే మార్పూ చేయలేని వాళ్లు ఈ ఒక్కటి చేసినా చాలా మేలు.

మాకు ఆ నాలుగో వైపే తులసికోట ఉంది. మూడడుగుల ఎత్తు, కింద రెండు మెట్లు. కంచెకి బయటివైపు 90 సెంటీమీటర్ల దాకా ఎక్కడానికి వీలైనదేదీ ఉండకూడదు. పూలమ్మే వాళ్ల లెక్కలో రెండు మూరలు. ఆ రెండు మూరల్లో తులసికోట ఉంటే అది పిల్లలకి నిచ్చెనే. వెల్డర్ తులసికోటని పక్కకి జరపమన్నాడు. మా అత్తయ్యకి ఎనభై నాలుగేళ్లు, ఆ కోటకి నీళ్లు పోయకుండా కాఫీ ముట్టదు. ఆవిడతో ఈ మాట ఎలా చెప్పాలా అని రెండు రోజులు మథనపడ్డాను. చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ వరండాలో కూర్చుని కాసేపు చూసి, "తులసమ్మ కదలదే అమ్మాయ్. కంచె కదల్చండి. నీళ్ల దగ్గర కూర్చునే చోటు తగ్గితే తగ్గుతుంది" అంది. అలాగే చేశాం. కంచె రెండు మూరలు లోపలికి జరిగింది. పడక కుర్చీలు వేసుకునే చోటు సగం పోయింది. ఆవిడ మాత్రం సాయంత్రాలు తులసికోట పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. లేచి వెళ్లేటప్పుడు ఆ స్టూలు లోపల పెట్టించడం ఇప్పుడు ఆవిడే గుర్తు చేస్తుంది.

సముద్రం వైపు అడ్డ గొట్టాలు పూర్తిగా తీయించాం. అడ్డంగా వరసగా ఉన్న గొట్టాలు కంచె కాదు, మెట్లు. అడ్డపట్టీలు రెండే ఉండి, వాటి మధ్య కనీసం 90 సెంటీమీటర్ల ఎడం ఉంటే పిల్ల కాలు పైపట్టీకి అందదు. ఇది రాస్తున్నప్పుడు మా కాలనీ బాల్కనీలన్నీ కళ్ల ముందు తిరుగుతున్నాయి. మధురవాడ నుంచి గాజువాక దాకా ఎన్ని అపార్ట్‌మెంట్లలో మెరిసే స్టీలు గొట్టాలు అడ్డంగా వేసి రెయిలింగ్ అంటున్నారో చూడండి. పూల్ లేనివాళ్లు కూడా ఈ ఒక్క పేరా చదివి లేచి వెళ్లి మీ బాల్కనీ చూసుకోండి, పక్కన కుండీ, కుర్చీ, ఏసీ పెట్టె ఏమున్నాయో చూడండి.

కంచెని ఆనుకుని కాగితంపూల తీగ ఏపుగా పెరిగి ఉండేది. పిల్ల పాదం ఆనే మందాన కాండం. మొదలంటా కొట్టించాం. నాకు ప్రాణం ఉసూరుమంది, హుద్‌హుద్ తుఫానులో చెట్లన్నీ పోయాక ఈ పెరట్లో మొదట పాతిన మొక్క అది. కానీ తప్పదు. పూల్ మోటారు పెట్టె కూడా కంచె పక్కనే ఉండేది, దాన్ని జరిపించాం.

ఇక గేటు. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే కంచె మొత్తంలో కదిలేది అదొక్కటే. గేటు నీళ్ల వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి. అప్పుడు బయటి నుంచి పిల్ల బలంగా తోసినా మూసుకుంటుందే తప్ప తెరుచుకోదు. చేయి వదలగానే దానంతట అదే మూసుకుని గడియ పడాలి. గడియ తీసే పిడి నేలనుంచి కనీసం 1.5 మీటర్లు, అంటే అయిదడుగుల ఎత్తున ఉండాలి. గాజువాక ఆటోనగర్‌లో గేటు చేయించడానికి వెళ్తే అక్కడి మేస్త్రీ, "ఏటమ్మా, దానంతటదే మూసుకోవాలా? మూసుకోడానికి మనుషులు లేరేటి?" అన్నాడు. "ఉన్నారు బాబూ, అందుకే" అన్నాను. నూతి సంగతి చెప్పాను. అతను చేతిలో పని పక్కన పెట్టి విన్నాడు. తమ ఊళ్లో సంపులో పడ్డ పాప గురించి అతనూ చెప్పాడు. ఆ తర్వాత ఒక్క కొలత కూడా రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

స్టీలు గురించి ఒక మాట. స్టెయిన్‌లెస్ అన్నంతమాత్రాన మన దగ్గర తుప్పు పట్టదనుకోకండి. సాధారణంగా వాడే 304 రకానికి సముద్రపు ఉప్పుగాలి తగిలితే కొన్నాళ్లకే గోధుమరంగు చుక్కలు లేస్తాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం ఇంకా బాగా తట్టుకుంటుంది. ఊచలన్నీ 316లో చేయించే స్తోమత మాకు లేదు. కానీ గేటు బందులు, స్ప్రింగులు, గడియ మాత్రం అవే పెట్టించాం. ఊచ మీద తుప్పు కంటికి కనిపిస్తుంది. బందులో తుప్పు కనిపించదు. గేటు కాస్త నెమ్మదిస్తుంది, తర్వాత ఇంకాస్త, ఒకరోజు గడియ దగ్గరికొచ్చి ఆగిపోతుంది. దూరం నుంచి చూస్తే మూసినట్టే ఉంటుంది. బార్లా తెరిచిన గేటు కన్నా నాకు ఈ గేటంటేనే భయం. తెరిచి ఉన్నదాన్ని చూస్తే ఎవరో ఒకరు వెళ్లి మూస్తారు.

కొత్త గేటు పెట్టిన రోజు పొద్దున్న ఇరవై సార్లు పరీక్షించాం. బార్లా తెరిచి వదిలాం, సగం తెరిచి వదిలాం, గడియకి వేలెడు దూరంలో ఆపి వదిలాం. ప్రతిసారీ "టక్" అని పడింది. మావారు సంతోషించారు, మేస్త్రీకి డబ్బులిచ్చి పంపాం. సాయంత్రం నాలుగింటికి నేను మళ్లీ వెళ్లి చూస్తే గడియ పడలేదు. వేలెడు దూరంలో వదిలితే అక్కడే ఊగుతోంది. మధ్యాహ్నం నుంచి సముద్రం మీంచి గాలి మొదలవుతుంది కదా, అది గేటుకి ఎదురు తోస్తోంది. పొద్దుటిపూట గాలి పడి ఉంటుంది కాబట్టి తెలియలేదు. సిడ్నీ కొలతల్లో మా సాగర్‌నగర్ గాలి లేదు. మన ఊరికి మనమే చేర్చుకోవాల్సిన పరీక్ష ఇది: గాలి బాగా వీచే వేళ, వేలెడు దూరంలో.

ఖర్చు గురించి అడిగేవాళ్లుంటారు. పూల్ తవ్వించడానికి, టైల్స్‌కి, మోటారుకి అయినదాంట్లో ఇది చిన్న భాగం. ఆ ఖర్చు పెట్టుకోలేని వాళ్లు పూల్ కట్టకూడదు. ఈత నేర్పిస్తే చాలదా అని కూడా అంటారు. నేర్పించండి, తప్పకుండా నేర్పించండి, బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉండనే ఉంది. కానీ రెండేళ్ల పిల్లకి ఈత వచ్చని నమ్మి గేటు తీసి ఉంచే వాళ్లకి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. కంచె ఉంటే చూడక్కర్లేదనీ నేను అనడం లేదు. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్దమనిషి ఉండాలి, చేతిలో ఫోన్ లేకుండా. కంచె అవసరం ఎవరూ పూల్ గురించి ఆలోచించని గంటల్లో. ఆడుకున్న బొమ్మలు నీళ్లలో తేలుతూ వదిలేయకండి. గేటు అవతల రంగురంగుల బాతు కనిపిస్తే ఏ పిల్ల ఊరుకుంటుంది?

పూల్ ఉన్న ఇళ్లు ఎన్నుంటాయి, మాకెందుకు ఇదంతా అనుకునేవాళ్లకి సంపు ఉంది. వేసవిలో ట్యాంకర్ వచ్చినప్పుడు మూత తీసి, గొట్టం లోపల వేసి, డ్రైవరుకి డబ్బులివ్వడానికి ఇంట్లోకి వెళ్తాం. ఆ మూత పక్కన ఎవరూ ఉండరు. నేను లెక్కపెట్టుకున్నాను, మా ఇంట్లో పోయినసారి అలా ఆరు నిమిషాలు తెరిచి ఉంది. ఇప్పుడు మూత కింద ఇనుప జాలీ బిగించాం, గొట్టం పట్టేంత కంత మాత్రం వదిలి. పైమూత తీసినా జాలీ ఉంటుంది. ఆటోనగర్ మేస్త్రీయే చేసిచ్చాడు. దానికి డబ్బులు తీసుకోనన్నాడు, బలవంతంగా ఇచ్చాను.

చివరికి మా కంచెని తనిఖీ చేసేదెవరు అన్న ప్రశ్న మిగిలింది. కట్టించినవాళ్లకి తమ తప్పు కనపడదని సిడ్నీలో చూశాను. మా కాలనీలో ఒక రిటైర్డ్ ఇంజినీరు గారున్నారు. కొలతలన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి, టేపు, కొబ్బరికాయ ఇచ్చి, "మొహమాటపడకండి, తప్పులు పట్టుకోవడానికే పిలిచాను" అన్నాను. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు, అందుకని వంగి చూడటానికి చిన్న పీట వేశాను. గంటన్నర చూశారు. రెండు రాశారు. ఒకటి, పక్కింటి జామకొమ్మ గోడ మీంచి మా కంచె లోపలికి వాలుతోంది. పక్కింటావిడతో మాట్లాడాను, మర్నాడే కొట్టించింది. రెండోది ప్రథమ చికిత్స బోర్డు ఇంగ్లీషులో ఉండటం. "మీ పనమ్మాయి చదవగలదా?" అని అడిగారు. నాకు సిగ్గేసింది. ఆ పిల్లే రోజంతా మాతో ఉండేది. ఇప్పుడు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాం: కేకేసి మనుషుల్ని పిలవండి, 108కి ఫోన్ చేయించండి, పిల్లకి ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊదండి, తర్వాత ఛాతీ మధ్య 30 సార్లు నొక్కి మళ్లీ 2 సార్లు ఊదండి, సాయం వచ్చేదాకా ఆపకండి. ఆ అమ్మాయి, నేను, మావారు ముగ్గురం కలిసి ఒక డాక్టరుగారి దగ్గర బొమ్మ మీద నొక్కడం నేర్చుకున్నాం. రాసింది చదివితే వచ్చే పని కాదది, చేత్తో చేస్తేనే తెలుస్తుంది ఎంత బలం కావాలో.

నిన్న సాయంత్రం నాలుగున్నరకి గాలి గట్టిగా ఉంది. గేటు వేలెడు దూరంలో వదిలాను. పది సార్లలో ఎనిమిది సార్లు పడింది, రెండు సార్లు పడలేదు. కింది బందు స్ప్రింగు ఇంకో చుట్టు బిగించాలట, సోమవారం వస్తానన్నాడు మేస్త్రీ. అందాకా గేటుకి తాళం వేసి, తాళంచెవి అత్తయ్య దేవుడి గూట్లో పెట్టాను. పూల్‌లో నీళ్లు తోడించేశాం.